గాజుతొట్టికి వచ్చిన కొత్త చేప

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ ప్రసంగమనగా గ్రంథాలయ చరిత్రమో, దాతల ప్రశంసయో, విద్యామహిమయో వినవచ్చునని సభవారు ఎదురుచూచుట సహజము. వానిని చెప్పదగినవారు ఈ వేదికపై పలువురు కలరు. ఈ ప్రసంగము మాత్రము గ్రంథాలయపు సూచనల పుస్తకములో ఐదవ తరగతి బాలిక యొకతె వ్రాసిన ఒక్క వాక్యమునకు సమాధానము. "మన చేపలన్నీ ఎందుకు చచ్చిపోయాయి?" అని ఆమె ప్రశ్న. దాని ప్రక్కన ఉత్తరము వ్రాయవలసిన గడి నేటికిని ఖాళీగానే యున్నది.

జరిగినది సభవారెరుగుదురు. రజతోత్సవ కానుకగా సభ్యులు కొందరు చందాలు వేసికొని బాలల విభాగమునకు ఒక గాజుతొట్టిని తెప్పించిరి. పొడవు 3 అడుగులు, వెడల్పు 1 అడుగు, ఎత్తు అడుగున్నర. పట్టిన నీరు సుమారు 110 లీటర్లు. తొట్టి వచ్చిన నాడే కుళాయి నీటితో నింపిరి. ఆ సాయంకాలమే పట్టణమునుండి 12 బంగారు చేపలను సంచిలో తెచ్చి, మూతి విప్పి, నీటితో సహా ఒక్క పెట్టున తొట్టిలో కుమ్మరించిరి. పిల్లలు చప్పట్లు కొట్టిరి. ఎవరికి తోచినంత మేత వారు వేసిరి. మూడవనాటికి నీరు పాలవలె తెల్లబారెను. తొమ్మిదవనాటికి పదునొకండు చేపలు చచ్చి, ఒక్కటి మాత్రము మిగిలెను.

దిష్టి తగిలినదని కొందరనిరి. అమ్మినవాడు మోసము చేసినాడని కొందరనిరి. గాజులోని చేపకు ఆయుష్షు అంతేయని పెద్దలు కొందరు పిల్లలను ఓదార్చిరి. ఈ మూడును నిజము కావు. సరిగా పెంచినచో బంగారు చేప పది పదునైదేండ్లు బ్రతుకు ప్రాణి. తప్పు ఎవరి దుర్బుద్ధియు కాదు, అందరి తొందర.

ఈ విషయమున మొదట గ్రహింపవలసినది ఒక్కటి. చేపలను పెంచువాడు నిజముగా పెంచునది నీటిని. నీరు బాగున్న చేప తన్ను తానే పెంచుకొనును. ఈ సంగతి లోకమునకు తెలిసిన విధము వినదగినది. 1850 ప్రాంతమున లండను నగరమున రాబర్ట్ వారింగ్టన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు గాజుపాత్రలో రెండు చిన్న బంగారు చేపలను, ఒక నీటిమొక్కను ఉంచెను. కొన్నాళ్లకు మొక్క యాకులు కుళ్లి నీరు చెడసాగెను. అప్పుడాయన కుళ్లిన యాకును తిను నీటినత్తలను తెచ్చి విడిచెను. నీరు తేటపడెను. చేప విడుచు దానిని మొక్కయు, మొక్క విడుచు దానిని చేపయు గ్రహించుచుండ, మధ్య పేరుకొను మురికిని మరియొక ప్రాణి సర్దవలెనని ఆయన గ్రహించెను. పిదప 1853లో లండను జంతు ప్రదర్శనశాలలో ప్రజలు చూచుటకై చేపల గృహము వెలసెను.

వింత యేమనగా, ఆయన పేరే గల ఆయన కుమారుడు వ్యవసాయ రసాయనజ్ఞుడై, రోథామ్‌స్టెడ్ పరిశోధన క్షేత్రమున మట్టిని పరీక్షించి, అమోనియా నైట్రేటుగా మారుట రెండు మెట్లలో జరుగునని చూపెను. 1890లో వినోగ్రాడ్‌స్కీ అను రష్యా శాస్త్రజ్ఞుడు ఆ పని చేయు సూక్ష్మజీవులను వేరుపరచి చూపగలిగెను. తండ్రి తొట్టిలో కంటికి కనబడక జరుగుచుండిన పనిని కుమారుడు పొలములో కనుగొనెనన్నమాట. వరిచేలో యూరియా చల్లిన రైతునకు ఈ కథ దూరపుది కాదు. చల్లిన యూరియా మొదట అమోనియాగా మారును. దానిని నేలలోని సూక్ష్మజీవులు నైట్రేటుగా మార్చును. తొట్టిలో జరుగునదియు ఇదియే.

చేప మేత తినును. మేతలోని మాంసకృత్తులందు నత్రజని యున్నది. వాడుకకు మిగిలినది మొప్పలనుండి అమోనియాగా నీటిలోనికి వచ్చును. తినక మిగిలిన మేత కుళ్లినను పుట్టునది అమోనియాయే. అది కొంచెమైనను మొప్పలను మంటబెట్టు విషము. ఒక జాతి సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చును. ఇదియు విషమే, చేప నెత్తుటిలో చేరి దానిని గోధుమవన్నెకు త్రిప్పి, ప్రాణవాయువును మోయకుండ జేయును. అట్టి చేప నీటి పైభాగమునకు వచ్చి నోరు తెరచుచుండును. రెండవ జాతి సూక్ష్మజీవులు నైట్రైటును నైట్రేటుగా మార్చును. నైట్రేటు మితముగా నున్నంతవరకు చేపకు అంత హానికరము కాదు, మొక్కలకు ఆహారము. అందుచేతనే తొట్టినుండి తీసిన నీరు తులసికోటకును కరివేపాకు చెట్టునకును ఎరువగుచున్నది.

లెక్కలు వ్రాయువారికి ఇది జమాఖర్చువలె తోచును. వేసిన మేత జమ. సూక్ష్మజీవులు మార్చినది, మొక్కలు పీల్చినది, తీసి పారబోసిన నీటితో పోయినది ఖర్చు. మిగిలిన నిలువ చేప నెత్తిమీదిది. క్రొత్త తొట్టిలో ఈ సూక్ష్మజీవులుండవు. వడపోత స్పంజిపైనను, అడుగున పరచిన గులకరాళ్లపైనను అవి పెరిగి కుదురుకొనుటకు సాధారణముగా నాలుగు నుండి ఆరు వారములు పట్టును. గ్రంథాలయపు తొట్టిలో ఖర్చు వ్రాయువాడు లేకుండనే పండ్రెండు చేపల జమ పడెను. అంతటితో ఆగక, పిల్లల ప్రేమ మేత రూపమున మరింత జమ వేసెను. నీరు పాలవన్నె యగుట ఆ కుళ్లుపై పెరిగిన వేరొక జాతి సూక్ష్మజీవుల విజృంభణము.

కావున కొత్త చేపకు స్వాగతము చేప రాకముందు నెల నాళ్లకే మొదలుకావలెను. తొట్టిని నింపి, వడపోతయు గాలిపంపును నడపుచు, చేపలు లేకయే దినమునకు చిటికెడు మేత వేయుచుండవలెను. ఆ మేత కుళ్లి సూక్ష్మజీవులకు తిండి యగును. ఇదివరకే చక్కగా నడచుచున్న ఆరోగ్యమైన తొట్టినుండి స్పంజి ముక్క తెచ్చి పెట్టినచో కాలము తగ్గును. ఇది పెరుగునకు తోడు వేయుట వంటిది. దుకాణములలో నీటి పరీక్షకు చుక్కల మందులు దొరకును. అమోనియాయు నైట్రైటును రెండును సున్నాకు వచ్చి, నైట్రేటు కనబడిన నాడు తొట్టి సిద్ధమైనదని ఎరుగవలెను.

నీటి పుట్టుకయు విచారింపదగినది. కుళాయి నీటిలో బ్లీచింగు పొడివలన క్లోరిన్ ఉండును. క్రిములను చంపునది చేప మొప్పలను, సూక్ష్మజీవులను విడుచునా? ఆ నీటిని వెడల్పాటి పాత్రలో ఒక దినము ఆరుబయట ఉంచవలెను. లేదా ఛాయాచిత్రములవారు హైపో అను సోడియం థయోసల్ఫేటును తగుమాత్రము కలుపవలెను. గొట్టపుబావి నీటిలో క్లోరిన్ ఉండదు గాని, ప్రాణవాయువు తక్కువ. దానిని గూడ గాలి తగులునట్లు ఒక దినము నిలువ చేయుట మేలు. ఆ నీరు తరచుగా కఠినజలము. గప్పీ, మోలీ వంటి చేపలు కఠినజలమున సుఖించును. నీటిని మార్చి చేపకు తగునట్లు చేయుటకన్న, ఉన్న నీటికి తగిన చేపను ఎంచుకొనుట గృహస్థునకు సులువు.

ఇక చేప ఇంటికి వచ్చు దినము. వాకిటికి వచ్చిన అతిథికి మొదట కాళ్లకు నీళ్లిత్తురు. బడలిక తీరువరకు ప్రశ్నలతో వేధింపరు. వచ్చినవానిని వచ్చినట్లే విస్తరి ముందు కూర్చుండబెట్టరు. చేపకును ఇదియే మర్యాద.

కొల్లేటి ప్రాంతమున చేపల చెరువులు నడపువారికి ఇది బాగుగా తెలియును. ప్రాణవాయువు నింపిన సంచులలో బొచ్చె, శీలావతి పిల్లలు వచ్చినప్పుడు వారు సంచులను వెంటనే విప్పరు. చెరువు నీటిపై కొంతసేపు తేలనిచ్చి, లోపలి నీటి వేడియు చెరువు నీటి వేడియు సమానమైన పిదపనే మూతి విప్పి, చెరువు నీటిని కొంచెము కొంచెముగా లోనికి రానిత్తురు. గాజుతొట్టికిని క్రమము అదియే. తొట్టి దీపమును ఆర్పవలెను. మూతి కట్టిన సంచిని పదునైదు ఇరువది నిమిషములు నీటిపై తేలనియ్యవలెను. తరువాత మూతి విప్పి, ఐదు నిమిషములకొక గ్లాసు చొప్పున తొట్టి నీటిని సంచిలో పోయవలెను. అర్ధగంటకు సంచి నీరు రెట్టింపగును. అప్పుడు చేపను చిన్న వలతో ఎత్తి విడువవలెను. సంచి నీటిని మాత్రము తొట్టిలో పోయరాదు. దానిలో ప్రయాణపు మురికియు, అంగడి తొట్టిలోని రోగమును ఉండవచ్చును.

ఇక్కడ ఒక మెలిక కలదు. దూరదేశమునుండి ఒక రాత్రియు పగలును ప్రయాణము చేసి వచ్చిన సంచికి ఈ నిదానము పనికిరాదు. మూసిన సంచిలో చేప విడిచిన బొగ్గుపులుసు వాయువు నీటిలో కరగి ఆమ్లత్వమును పెంచును. ఆ ఆమ్లత్వములో అమోనియా చాలవరకు హాని తక్కువైన రూపమున అణగియుండును. మూతి విప్పగానే ఆ వాయువు వెలికి పోవును, ఆమ్లత్వము తగ్గును, అణగియున్న అమోనియా విషరూపము దాల్చును. అట్టి సంచిని విప్పి గంటలకొలది చుక్కచుక్కగా నీరు పోయుట అతిథిని గుమ్మములో పొగబెట్టుట. మూతి విప్పకుండ వేడి సమానము చేసి, విప్పిన వెంటనే చేపను మంచినీటిలోనికి మార్చుటయే అట్టి యెడ క్షేమము.

మొదటి దినము మేత వేయరాదు. భయపడిన చేప తినదు. తినని మేత కుళ్లును. మరునాటినుండి రెండు నిమిషములలో తినివేయునంత మాత్రమే వేయవలెను.

ఐనను కొత్త చేపను తిన్నగా పాత చేపల నడుమ విడువవచ్చునా? పంచతంత్రములోని మూడు చేపల కథ ఈ సభలో తెలియనివారుండరు. జాలరులు వత్తురని విని ముందే మడుగు విడిచినది అనాగతవిధాత. వల పడిన పిదప చచ్చినట్లు నటించి బయటపడినది ప్రత్యుత్పన్నమతి. కానున్నది కాక మానదని కూర్చున్నది యద్భవిష్యము. చేపలను పెంచువారిలోను ఈ ముగ్గురును కలరు.

చేపలకు తెల్లమచ్చల జబ్బు అని యొకటి కలదు. ఒంటిపై ఉప్పురవ్వలు చల్లినట్లు తెల్లని చుక్కలు లేచును. దానికి కారణమైన పరాన్నజీవి చేప చర్మము క్రింద దాగి పెరుగును. పెరిగి రాలి అడుగునకు చేరును. అచ్చట ఒకటి వందలుగా చీలి, చేపను వెదకుచు నీటిలో ఈదును. ఒకటి రెండు దినములలో చేప దొరకనిచో చచ్చును. మందు దీనిపై పనిచేయునది ఈదుచున్న ఆ కొద్ది కాలముననే. చర్మము క్రింద నున్నప్పుడు మందు దానిని తాకజాలదు. కావున అంగడిలో నిగనిగలాడిన చేప ఇంటికి వచ్చిన వారమునకు చుక్కలతో కనబడుట వింత కాదు. అప్పటికి తొట్టిలోని చేపలన్నిటికిని అది సోకియుండును.

అనాగతవిధాత వంటి గృహస్థుడు కొత్త చేపను మూడు నాలుగు వారములు వేరొక తొట్టిలో ఉంచును. దానికి గొప్ప సామగ్రి అక్కరలేదు. ముప్పది నలుబది లీటర్లు పట్టు ప్లాస్టికు తొట్టియు, పాత తొట్టిలో ముందుగా కొన్ని వారములు నడిపిన స్పంజి వడపోతయు, వేరుగా ఒక వలయు, ఒక బకెట్టును చాలును. చేప తినుచున్నదా, రెక్కలు ముడుచుకొన్నదా, రాళ్లకు ఒడలు రాచుకొనుచున్నదా యని ప్రతిదినము చూడవలెను. ప్రత్యుత్పన్నమతి జబ్బు కనబడగనే మందు తెచ్చి కొన్నిటిని దక్కించుకొనును. యద్భవిష్యుడు మరల క్రొత్త చేపలు కొనును.

వేరుగా నుంచిన గడువు తీరిన పిదపను ఒక్కసారిగా పదింటిని విడువరాదు. సూక్ష్మజీవుల సంఖ్య ఉన్న మురికికి తగినంతయే యుండును. రెండు మూడు చేపలను విడిచి, రెండు మూడు వారములు ఆగి, నీరు పరీక్షించి, ఆ పిదప మరికొన్నిటిని చేర్చవలెను. విడుచుటకు ముందు పాతవానికి కొంచెము మేత వేసి, రాళ్లను మొక్కలను కొంత అటునిటు మార్చినచో, ఈ మూల నాదియని కాచుకొనియున్న చేపకు గట్టు తెలియక కలహము తగ్గును. నోట పట్టునంత చిన్న చేపను పెద్ద చేపతో కలుపుట చేర్చుట కాదు, మేత వేయుట. చల్లని నీటిని కోరు బంగారు చేపలను వెచ్చని నీటి చేపలతో కలుపుటయు తగదు. వారమునకొకసారి నాల్గవవంతు నీరు మార్చవలెను. స్పంజిని కుళాయి క్రింద కడుగక, తొట్టినుండి తీసిన నీటిలోనే పిండవలెను. కుళాయి క్రింద కడిగిన, నెల నాళ్లు పెంచిన సూక్ష్మజీవులు నిమిషములో నశించును.

చివరి మాట పెద్దలకు. పోతనగారి భాగవతమున అష్టమ స్కంధములో సత్యవ్రతుని కథ కలదు. కృతమాలా నదిలో తర్పణము చేయుచున్న రాజు దోసిటిలోనికి ఒక చిన్న చేప వచ్చెను. ఆయన దానిని నీట విడిచెను. పెద్ద చేపలవలని భయము చెప్పుకొని అది శరణు వేడెను. రాజు కమండలువులో నుంచెను. రాత్రి గడచునప్పటికి అది చాలలేదు. పెద్ద పాత్రకు, పాత్రనుండి మడువునకు, మడువునుండి సరస్సునకు, తుదకు సముద్రమునకు మార్చెను. కథలోని పరమార్థము పౌరాణికులు చెప్పుదురు. గృహస్థునకు అందులో ఒక లౌకిక ధర్మమును కలదు: శరణిచ్చినవాడు, ప్రాణి పెరిగినకొలది చోటును పెంచవలెను. అంగడిలో రెండంగుళములున్న బంగారు చేప అడుగు వరకు పెరుగగలదు. ఎదిగిన చేపకు ఒక్కొక్కదానికి 40 లీటర్లకు తక్కువ కాని నీరు కావలెనని లెక్కించినచో, గ్రంథాలయపు తొట్టిలో పట్టునవి రెండో మూడో గాని పండ్రెండు కావు.

అయితే సత్యవ్రతుడు తుదకు సముద్రమున విడిచినాడు గదాయని, తొట్టిలో పట్టని చేపను ఊరి చెరువులో విడుచుట మహాపరాధము. గాజుకు అంటిన నాచును తినునని కొను సక్కరు చేప దక్షిణ అమెరికా నదులది. అడుగుకు మించి పెరుగును; గట్టి పలకల వంటి కవచము, ముండ్లు గలది. ఇండ్ల తొట్లనుండియు, పెంపకపు చెరువులనుండియు బయటపడిన యీ జాతి నేడు ఆంధ్ర, తెలంగాణ జలములలో వ్యాపించినది. వలలో పడిన, వల చినుగును. పట్టినను కొనువాడు లేడు. గట్లలో బొరియలు చేయును. నాటు చేపల తిండిని ఆక్రమించును. జాలరులు దానిని దెయ్యపు చేపయని పిలుచుట ఊరకకాదు. ఒక యింటి జాలి మరియొక యింటి కూడు తీయరాదు. పెంచజాలనివాడు చేపను అంగడికో, పెంచగల మిత్రునికో అప్పగింపవలెను. తొట్టి కడిగిన నీటిని సైతము కాలువలో పోయక చెట్లకు పోయవలెను.

ఇక బాలల విభాగపు తొట్టి సంగతి. మిగిలిన యొక్క చేపకై, నిలువ చేసిన నీటితో దినమునకు నాల్గవవంతు చొప్పున మార్చుచు, మేత చిటికెడునకు తగ్గించిరి. ఎనిమిది వారములు గడచినవి. చుక్కల పరీక్షలో అమోనియా, నైట్రైటు సున్నాగా నిలిచినవి. క్రొత్తగా తెచ్చిన రెండు బంగారు చేపలు వెనుకటి గదిలో వేరొక తొట్టిలో నున్నవి. నేటికి తొమ్మిదవ దినము. వానికి పిల్లలే ఒక ఖాతా పుస్తకము తెరచిరి. తేది, నీటి వేడి, వేసిన మేత, మార్చిన నీరు, చేప తిన్నదా లేదా – ఐదు గళ్లు. ప్రశ్న వ్రాసిన బాలికయే ఆ ఖాతాను నిర్వహించుచున్నది. నేడు సభకు వచ్చినవారు చాలమంది, ఇంత పెద్ద తొట్టిలో ఒక్కటే చేప యేమియని అడిగిరి. మరి రెండు వారములు ఓపికపట్టి వచ్చినచో మూడు చేపలను చూడగలరు.

సూచనల పుస్తకములోని ఖాళీ గడిలో వ్రాయవలసిన యుత్తరము ఇది: "నీరు సిద్ధపడకముందే చేపలను పిలిచినందున." ఈ సభ ముగిసిన పిమ్మట గ్రంథపాలకులు దానిని ఆ గడిలో వ్రాసి, తేది వేసి, సంతకము చేయుదురుగాక.

స్వస్తి.